రెండో సంతకం

మా పిల్లల వార్డులో మోతాదు తప్పితే ప్రాణం మీదికొచ్చే మందులకు రెండు సంతకాలు కావాలి. ఒకరు మందు సిరంజిలోకి తీసి, పేరు, మోతాదు, మంచం నంబరు పైకి చదివి సంతకం పెట్టాలి. ఇంకొకరు సీసానూ సిరంజినీ కళ్ళారా చూసి పక్కనే సంతకం పెట్టాలి. ఆ రెండో సంతకం ఇరవై రెండేళ్ళుగా మా పెద్దక్కది.

పెద్దక్క అంటే మా సీనియర్ నర్సు. సీసా మన చేతిలోంచి లాక్కుని, కిటికీ వెలుతురుకు తిప్పి, పెదాలు కదుపుతూ చదివేది. "త్వరగా కానివ్వక్కా, పరీక్షేమైనా రాస్తున్నావా?" అంటే, "ఇక్కడ తప్పితే పోయేది మార్కులు కాదే, మొద్దు మొహమా!" అని వాయించేది. నిజం చెప్పొద్దూ, ఆ తిట్లంటే నాకు ఒళ్ళు మండేది.

ఈ ఏడాది ఇద్దరు నర్సులు మానేశారు. వాళ్ళ పనంతా మా నెత్తిన పడింది. పెద్దక్క వరసగా రెండేసి డ్యూటీలు చేసేది. మెల్లగా మారిపోయింది. ముందు కిటికీ దగ్గరికి వెళ్ళడం మానేసింది. తర్వాత తిట్టడం మానేసింది. ఓ తల్లి ఆవిడ చేతులు పట్టుకుని బావురుమంటుంటే, గోడ గడియారం వైపు చూస్తూ నిలబడింది. "ఒంట్లో బాగాలేదా అక్కా?" అంటే "బాగానే ఉన్నానే" అంది. తిట్లు తప్పాయి, అదే పదివేలు అనుకుని నేనూ ఊరుకున్నాను. సిగ్గులేకపోతే సరి!

ఆ మధ్యాహ్నం ఆరో మంచం మీది నాలుగేళ్ళ పిల్లకు గుండె మందు ఇవ్వాలి. చిన్న సిరంజిలు అయిపోతే పెద్దది తీశాను. పొద్దుటి నుంచి గుక్కెడు నీళ్ళు తాగిన పాపాన పోలేదు, బుర్ర పనిచేయడం లేదు. "పాయింట్ నాలుగు ఎమ్మెల్, ఆరో మంచం" అని గడగడా చదివేశాను. పెద్దక్క తల ఊపి సంతకం పెట్టింది.

పిల్ల దగ్గరికెళ్ళి సెలైన్ గొట్టానికి సిరంజి తగిలించాను.

"నొప్పి పుడుతుందా?" అంది పిల్ల.

"లేదమ్మా, గొట్టంలోకే" అని సిరంజి మీద బొటనవేలు ఆన్చాను.

"ఆగవే!"

వార్డు వార్డంతా ఉలిక్కిపడింది. పెద్దక్క పరుగున వచ్చి నా మణికట్టు పట్టుకుంది.

"ఇప్పుడేమైందక్కా? చూసే కదా సంతకం పెట్టావు!" విసుక్కున్నాను.

"పెట్టాను. చూశానో లేదో గుర్తు రావడం లేదు."

సిరంజి తీసుకుని కిటికీ దగ్గరికి నడిచింది. పెదాలు కదిపింది. వెనకే వెళ్ళి నేనూ చూశాను. మందు నాలుగో గీత దాకా ఉంది. చిన్న సిరంజిలో అయితే అది పాయింట్ నాలుగు, ఈ పెద్దదాంట్లో నాలుగు. పదింతలు.

ఇంకొక్క క్షణమైతే పిల్ల దక్కేది కాదు. పెద్దక్క చూస్తుందిలే అని నేను, ఇది చూసే ఉంటుందిలే అని పెద్దక్క. ఇద్దరం కలిసి ఆ పసిదాని ప్రాణం తీసేవాళ్ళం.

చెంప పగలగొడుతుందని నిలబడ్డాను. కొడితే బాగుండుననిపించింది. పెద్దక్క నాతో మందు మళ్ళీ కొలిపించి, పక్క వార్డు సిస్టర్‌ను పిలిచి చూపించి, ఆవిడ సంతకమయ్యాకే పిల్లకు ఇప్పించింది. తను మాత్రం సంతకం పెట్టలేదు. పాత సంతకం పక్కన "చూడకుండా పెట్టాను" అని రాసి, పుస్తకం పట్టుకుని సూపరింటెండెంటు మేడమ్ గదికి వెళ్ళింది. నేనూ వెంట వెళ్ళాను.

మేడమ్ చదివి, "ఏమీ జరగలేదుగా? ఈ మాట కొట్టేసి, వెళ్ళి మొహం కడుక్కో" అన్నారు.

"తప్పు బయటపడ్డాక కూడా నాకు భయం వేయలేదు మేడమ్. ఒకప్పుడు ఎవరికైనా జ్వరం పెరిగితే ఇంటికెళ్ళినా ముద్ద దిగేది కాదు. ఇప్పుడు లోపల ఏమీ లేదు. నన్ను వార్డు నుంచి తీసేయండి."

"ఉన్నదే నలుగురు! నువ్వు కూడా పోతే పిల్లల్ని ఎవరు చూస్తారమ్మా?"

"నేనున్నానన్న ధైర్యంతోనే ఎవరూ చూడటం లేదు మేడమ్."

బల్ల మీది పెన్ను తీసుకుని, నా సంతకం పక్కన నేను కూడా "చూడకుండా పెట్టాను" అని రాశాను. మేడమ్ ఆ రెండు రాతలూ చదివారు. తర్వాత సొరుగు లాగి పెద్దక్క కోసం సెలవు కాగితం బయటికి తీశారు.