ముకద్దం తాత దగ్గు

ఇందులో ప్రతి అక్షరం నిజం. గోదావరిలో మొలలోతు నీళ్ళలో నిలబెట్టి చెప్పమన్నా ఇదే చెబుతాను. అబద్ధమైతే నా జీతం... (జీతం మీద ఒట్టు వద్దులెండి, ఇంట్లోవాళ్ళు చదువుతారు). నన్నెరిగినవాళ్ళు "వీడి మాటల్లో సగం గాలి" అంటారు. అననివ్వండి. ఈ ఒక్కదాంట్లో గాలి చొరబడే సందు లేదు.

ఆ రోజుల్లో, అంటే డెబ్బైలలో, నాందేడ్‌లో సర్కారు నౌకరీ చేసేవాడికి జీతం సంగతి తెలుసు, పింఛను సంగతి తెలుసు. వైద్యం కార్డు సంగతి మాత్రం దేవుడికే తెలుసు. నాయ్‌గావ్ నుంచి వచ్చే ఒక గుమాస్తా దాన్ని పసుపు కుంకుమ పెట్టి పూజగూట్లో దాచాడు, బయటికి తీస్తే రోగం వస్తుందని. దెగ్లూర్ మాస్టారొకాయన ఆ కార్డులో మందు రేషన్ చక్కెరలా కొలతకే ఉంటుందని నమ్మి, చిన్న జ్వరాలను కషాయాలతో సాగనంపుతూ పెద్ద రోగం కోసం ఎదురుచూసేవాడు (పాపం, అది రాలేదు). రిటైరైతే ఏమవుతుంది, మనిషి పోతే ఏమవుతుంది అన్నవి అడగడమే అపశకునం. అలాంటి కాలంలో నేను మా శాఖ దవాఖానలో కచ్చా గుమాస్తాగా, అంటే ఇంకా ఖాయం కాని గుమాస్తాగా చేరాను. శాఖ పేరు చెప్పను. ఇంకా పింఛను రావలసి ఉంది.

నిజాం నాటి రాతి కట్టడం అది. పగలే చీకటి. మందులిచ్చే కిటికీ అంటే గోడలో ఒక కంత, అంతే. అవతలివాడు ఇంటినుంచి తెచ్చుకున్న ఖాళీ సీసా లోపలికి పెడతాడు; ఇవతల మా కాంపౌండర్ మామ ఎర్రమందు నింపి, కాగితం పట్టీని కత్తెరతో పళ్ళుపళ్ళుగా కోసి, ఏ పూటకు ఎంతో తెలిసేలా సీసాకు అంటించి ఇస్తాడు. లోపలున్నవాళ్ళకు కనిపించేది మణికట్టు దాకా చెయ్యి మాత్రమే. మామ రోగుల్ని చేతులతోనే గుర్తుపట్టేవాడు. "మొఖాలు అబద్ధమాడుతయ్ తమ్మీ, చేతులు ఆడయ్" అనేవాడు. నా పని పేర్లు రాయడం, పోయినవాళ్ళ పేర్లు కొట్టెయ్యడం.

ఆ చేతుల్లో అందరికీ తెలిసిన చెయ్యి ముకద్దం తాతది. కర్ఖేలి ఊరి మనిషి. రోడ్డు పనివాళ్ళకు ముకద్దంగా, అంటే మేస్త్రీగా, చేసి రిటైరయ్యాడు. కుడి చూపుడువేలు సగమే, మిగతాది రోడ్డు రోలర్ కిందికి పోయింది. ప్రతి బుధవారం ముందు దగ్గు వినిపించేది, తర్వాత చెయ్యి కనిపించేది. అది మామూలు దగ్గు కాదు. ఎండిన బావిలోకి బకెట్టు జారి, గోడలకు తగులుతూ తగులుతూ అడుగుకు పోయినట్టుండేది. నెలకొకసారి వచ్చే మరాఠీ డాక్టరు గొట్టం పెట్టి విని విని తల పట్టుకునేవాడు. "ఛాతీ ఏకదమ్ సాఫ్! మగ్ హా ఖోక్లా కుఠూన్ యేతో?" ఛాతీ ఇంత శుభ్రంగా ఉంటే ఈ దగ్గు ఎక్కడినుంచి వస్తోందని ఆయన బాధ. తాత అమాయకంగా చూసేవాడు. డాక్టరు నిట్టూర్చి మళ్ళీ అదే మందు రాసేవాడు.

ఒక ఆషాఢంలో తాత పోయాడు. దగ్గుతో కాదు, గుండె ఆగి, నిద్రలోనే. కొడుకులు లేరు కనుక ఆఫీసువాళ్ళమే మోశాం. వానలో గోదావరి ఒడ్డున చితి అంటుకోక మొండికేస్తే, కిరోసిన్ పోసింది మా మామే. ఇద్దరం కళ్ళారా చూసి, స్నానాలు చేసి వచ్చాం.

తర్వాతి బుధవారం పట్టపగలే దీపం పెట్టుకోవలసినంత మబ్బు. వరండాలో ఎవరూ లేరు. నేను తాత పేరు కొట్టెయ్యడానికి కలం తీశాను. అప్పుడు వినిపించింది. బావిలోకి బకెట్టు జారిన దగ్గు.

కంతలోంచి చెయ్యి వచ్చింది. తడిసి, ముడతలు పడి, నల్లగా. చూపుడువేలు సగమే ఉంది. సీసా గట్టుమీద పెట్టి టక్‌టక్‌మని తట్టింది. మామ అలవాటు కొద్దీ మందు నింపాడు, పట్టీ అంటించాడు, ఇచ్చాడు. చెయ్యి వెనక్కి పోయింది. అప్పుడు మామ నావైపు తిరిగాడు. మనిషి ముఖంలో రక్తం అంత తొందరగా ఎక్కడికి పోతుందో నాకు ఇప్పటికీ తెలియదు.

"తమ్మీ... గిప్పుడు నేను ఎవనికిచ్చిన?"

బయటికి పోయి చూసేసరికి వరండా ఖాళీ. తడి అడుగులు గడప దగ్గరికి వచ్చి, వెనక్కి తిరిగి, వానలోకి పోయి చెరిగిపోయాయి.

ఆ వారమంతా మామ కంత వైపే చూస్తూ మందులు కలిపితే నీళ్ళు ఎక్కువయ్యేవి. కంతకు నిమ్మకాయ, మిరపకాయలు కట్టాడు. పోనీ తలుపు మూసేద్దామన్నాను.

"మూస్తే గోడలకెంచి అస్తడు. రిటైరైనోడు, కార్డున్నోడు. హక్కున్న దయ్యం రా అది!"

"పేరు కొట్టేస్తా మామా."

"కొట్టు. మల్ల మందు ఇయ్యకుంటే ఊకుంటడా? ఇస్తె తనిఖీల నౌకరీ పోతది, ఇయ్యకుంటె పాణం పోతది. ఏది పోవాల్నో నువ్వే చెప్పు, సదువుకున్నోనివి."

కలం టోపీ బిగించి జేబులో పెట్టుకున్నాను. పేరు కొట్టెయ్యలేదు.

బుధవారం మళ్ళీ వచ్చింది. మబ్బు, వాన, దగ్గు. ఈసారి దగ్గు ఇంకా లోతుగా ఉంది, మధ్యలో ఊపిరి అందని ఈల ఒకటి. చెయ్యి కంతలోకి వచ్చి నిమ్మకాయను మర్యాదగా పక్కకు జరిపి సీసా పెట్టింది. మామ కదల్లేదు. సీసా టక్‌టక్‌మంది. మామ నా వీపు మీద చెయ్యేసి పెరటి తలుపులోంచి బయటికి నెట్టాడు. "నువ్వు పోయి సూడు. నీకింక పెండ్లి గూడ కాలె, ఏడ్చేటోళ్ళు తక్కువ."

గోడ పట్టుకుని తిరిగి వెళ్ళాను. కంత ముందు నల్ల గొంగడి ఒకటి నిలబడి ఉంది. తలమీంచి కాళ్ళదాకా గొంగడే, ముఖం ఉండవలసిన చోట చీకటి. తాత గొంగడే. ఆయన బీడీ వాసన కూడా ఉంది. గోడ వదలకుండానే అడిగాను: "తాతా, నీకు ఏం తక్కువ చేసినం?"

గొంగడి ఉలిక్కిపడి నావైపు తిరిగింది. లోపల తాత భార్య, ముకద్దం అవ్వ.

ఇద్దరం ఒకరిని చూసి ఒకరం అరిచాం. లోపలినుంచి మామ కూడా అరిచాడు (తర్వాత కాదంటాడు). అవ్వ అరుగుమీద కూలబడి దగ్గింది, అదే దగ్గు. చెయ్యి విప్పింది. మడిచిన వేలు తెరుచుకుని పూర్తి వేలైంది.

"చెప్పకు బిడ్డా," అంది ఊపిరి లాగుతూ. "గా మందు లేకుంటె నాకు పండుకోరాదు. గోడకొరిగి కూసుంటనే తెల్లారుతది. ముసలోడు పోయిండని కాయిదంల రాస్తె కార్డు గుంజుకుంటరు గద? మందిచ్చేటోడు చెయ్యే సూస్తడని గిట్ల అచ్చిన."

"దగ్గు తాతది కదవ్వా?"

"ఆయనకేం దగ్గు? గుర్రమసొంటోడు. దగ్గు నాది. పరాయి మొగోడు గొట్టం వెట్టి సూస్తె సిగ్గని నేను రానన్న. ఆడిదానికి సర్కారు మందు ఎందుకిస్తదని ఆయన అన్నడు. ఇగ నా దగ్గు ఆయన నేర్సుకున్నడు. పొద్దుగాల లేసి నా ముంగట కూసుండి దగ్గుతుండె. 'గట్ల గాదు, లోపట్నుంచి గుంజు' అని నేను చెప్తుంటి."

డాక్టరు ఇన్నాళ్ళు వెతికిన దగ్గు ఎక్కడిదో నాకప్పుడు తెలిసింది. వాన చప్పుడులో ఆ అరుగుమీద నిలబడి, గొంతు సవరించుకుని, మా శాఖ రూలు చెప్పాను. కార్డు నౌకరీ చేసినవాడి ఒక్కడిదే కాదు, అతని భార్యది కూడా. మొగుడు రిటైరైనా, పోయినా, ఆమె బతికున్నంతకాలం ఆమె పేరుమీదే మందు ఇవ్వాలి. గొంగడి అక్కర్లేదు, వేలు మడవక్కర్లేదు, ముఖం చూపించి తీసుకోవచ్చు.

అవ్వ గొంగడి తలమీంచి కిందికి దింపింది.

"ముంగటి నుంచి నా పేరుమీద అస్తుండెనా?"

"వస్తుండె అవ్వా."

"అయితె ముసలోడు ఇన్నేండ్లు ఉత్తగనే దగ్గిండా?"

అని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వు దగ్గైంది, దగ్గు ఏడుపైంది, ఏడుపు మళ్ళీ నవ్వైంది. మామ కంతలోంచి తల బయటికి పెట్టి చూశాడు (ఆ కంతలోంచి తల పడుతుందని అప్పటిదాకా తెలియదు). చేతులు అబద్ధమాడవని ఆయన మళ్ళీ ఎవరితోనూ అనలేదు. తర్వాతి బుధవారం నుంచి అవ్వ ఎర్రచీరలో, నెత్తికి నూనె రాసుకుని, తలెత్తుకుని వచ్చేది. సీసా పెట్టి మామను అదిలించేది: "నీళ్ళు తక్కువ పొయ్యి కొడుకా, నేనేం దయ్యాన్ని గాదు."

ఇక ఒట్టు సంగతి. ఇందులో ఒకటి నేను కల్పించాను. మీరు వేలు అనుకుంటారు, కాదు. దగ్గు నిజం, గొంగడి నిజం, నిమ్మకాయ కూడా నిజమే. కల్పించింది ఆ రూలు. ఆ పూట నాకు తెలిసిన రూలు ఒక్కటే, పేరు కొట్టెయ్యమని. ఆమె ఊపిరి ఈల వేస్తుంటే, సర్కారు తరఫున ఒక రూలు అక్కడికక్కడ నా నోట్లో పుట్టింది. మామ "ఏ కాయిదంల ఉంది?" అనడిగితే "కొత్తది" అన్నాను. ఆయన మళ్ళీ అడగలేదు. నేనూ కాగితాల్లో వెతకలేదు, వెతికితే లేదని తేలుతుందేమోనని. అవ్వ బతికున్నన్నాళ్ళూ ఎర్రమందు తాగింది. అలాంటి రూలు నిజంగానే ఉండేదో, లేక మా దవాఖానలోనే నడిచిందో నాకు ఈరోజుకీ తెలియదు.

ఇప్పుడు మా ఆఫీసులో వైద్యం కార్డుల సంగతి అడగాలంటే నా దగ్గరికే వస్తారు. పింఛనుదార్లు, వాళ్ళ ఇల్లాళ్ళు, వితంతువులు. కళ్ళద్దాలు పెట్టుకుని, వేలితో వరస పట్టుకుని చదివి, ఉంటే ఉందని, లేకపోతే లేదని చెబుతాను. అంతా సక్రమంగానే జరుగుతుంది. లేదని చెప్పినప్పుడు మాత్రం, గొంతు సవరించుకుని వానలో నిలబడ్డ ఆ కచ్చా గుమాస్తా గుర్తొస్తాడు. వాడికి నాకున్నంత రూళ్ళ పరిజ్ఞానం లేదు, పాపం.