అన్నయ్య కోటు మీద సుద్దగీత

ఇది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా రాయలేదు. ఆ రాత్రి అన్నయ్య కొత్త కోటు నేను తొడుక్కున్నాను... తర్వాత జరిగింది కల కాదు. ఒట్టేసి చెబుతున్నాను. నిలబడే ఉన్నాను. కళ్ళు తెరుచుకునే ఉన్నాను.

తాడేపల్లిగూడెంలో మాది బట్టల కొట్టు. దాని వెనకే ఇల్లు. అన్నయ్య నన్ను మద్రాసు తీసుకెళతానన్నాడు. మూడు రోజులు. ఒక పూట తనకి టై, బూట్లు కొనుక్కోవడం. ఒక పూట పెద్ద హోటల్లో భోజనం. మిగతాదంతా మ్యూజియం... అది నా కోరిక.

"చచ్చిన కాలేజీకా?" అంది నాన్నమ్మ. అప్పట్లో మద్రాసు మ్యూజియాన్ని అందరూ అలాగే అనేవారు. జంతువుల తోటేమో బతికిన కాలేజీ. "రైలు చార్జీ పెట్టుకుని మరీ చచ్చినవాటిని చూడాలిటే? కొల్లేరు గట్టున నిలబడితే బతికున్న కొంగలు బోలెడు."

నాన్నగారు నవ్వలేదు. "బుద్ధిగా ఉంటే పంపుతాను. ఏదైనా పిచ్చిపని చేసిందని తెలిసిందా, ప్రయాణం లేదు."

కోటు కుట్టింది అప్పన్నగారు. మా కొట్టు అరుగు మీదే ఆయన మిషను. ఇస్త్రీ ఒక్కటే మిగిలిందని చెప్పి, కోటు కొట్టులో కొక్కేనికి తగిలించి, కొల్లేటి లంకలో తన ఊరికి వెళ్ళిపోయారు. తెల్లారి తొలి బస్సుకి వస్తానన్నారు.

అందరూ పడుకున్నాక లాంతరు పట్టుకుని నడిమి తలుపులోంచి కొట్టులోకి వెళ్ళాను. వీధి తలుపుకి లోపల గడియ వేసే ఉంది. చూశాను.

కోటు తొడుక్కున్నాను. చేతులు వేళ్ళు దాటి వేలాడాయి. నిలువుటద్దంలో ఎవరో కుర్రవాడు. మ్యూజియం మెట్లెక్కుతున్నట్టు నడిచాను. హోటల్లో కుర్చీ లాక్కుని కూర్చున్నట్టు కూర్చున్నాను. ఎవరూ నా వంక తేరిపార చూడరు. ఎవరితో వచ్చావని అడగరు. ఎంత హాయో...

లేచి మళ్ళీ అద్దం ముందు నిలబడ్డాను.

అప్పుడు... ఎడమ భుజం మీద ఏదో ఆనింది.

రెండు వేళ్ళు. మెత్తగా. గుడ్డ సరిగ్గా కూర్చుందో లేదో చూసినట్టు... కొంచెం కిందికి లాగాయి.

అద్దంలో నా వెనక బట్టల తానులు తప్ప ఏమీ లేవు. లాంతరు వత్తి కదల్లేదు.

"కదలకండి..."

గొంతు చాలా నెమ్మదిగా. చెవి పక్కనే. తడి నాచు వాసన.

తర్వాత చప్పుడు. సర్ ర్ ర్... మందపాటి గుడ్డ మీద సుద్ద గీసిన చప్పుడు. మెడ దగ్గర మొదలై... భుజం మీదుగా... ఆగి... మళ్ళీ కొంచెం... అయిపోయింది.

ఎంతసేపు అలా నిలబడ్డానో తెలియదు. కోటు విప్పి చూస్తే గీత ఉంది. తెల్లగా. పమిట కొంగుతో తుడిచాను. పోలేదు. కొక్కేనికి తగిలించి వచ్చి పడుకున్నాను. నిద్ర ఎక్కడిది? పొద్దున్న నాన్నగారు చూస్తారు. అడుగుతారు. నాకు అబద్ధం చెప్పడం రాదు. ఇక మద్రాసు లేదు...

తెల్లారింది. అప్పన్నగారు నిక్షేపంలా వచ్చారు, కాళ్ళకి ఎండిన బురదతో. ఆ నాచు వాసన తలుచుకుని, కొల్లేట్లో ఆయనకేమైనా అయిందేమోనని రాత్రంతా భయపడ్డానేమో, ఆయన్ని చూడగానే ప్రాణం కుదుటపడింది.

నాన్నగారు కోటు అందుకున్నారు. "ఇదేమిటి అప్పన్నా, ఈ గీత?"

అప్పన్నగారు గీత వంక చూశారు. ఆయన చెవి మీద ఉన్న సుద్ద నీలం రంగు. గీతేమో తెలుపు.

"నేనేనండి. దులపడం మర్చిపోయాను," అని అరచేత్తో ఒక్కసారి రాశారు. నేనెంత తుడిచినా పోనిది... పోయింది.

"సరే. పెట్టె సర్దుకోమ్మా," అన్నారు నాన్నగారు నాతో.

వంటింట్లోకి పోయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వాను. ఏడ్చాను కూడా.

సాయంత్రం ఇస్త్రీ చేసిన కోటు అప్పన్నగారే తెచ్చి నా చేతికిచ్చారు. పక్కన ఎవరూ లేరు. నా జన్మలో అంత ధైర్యం చెయ్యలేదు. "రాత్రి మీరు..." అన్నాను.

ఆ వేళ్ళు ఎవరివో నాకు ఈనాటికీ తెలియదు. అప్పుడాయన చెప్పింది నిజమో, నా భయం పోవాలని అన్నారో అదీ తెలియదు. అప్పన్నగారు చుట్టూ చూసి, గొంతు తగ్గించి అన్నారు:

"మా ఊళ్ళోనే పడుకున్నానండి. కల్లో ఎవరికో భుజం సరిచేస్తున్నాను, మొహం కనపడలేదండి. మీరు వెళ్ళి మ్యూజియం చూసి రండి అమ్మాయిగారూ, నిద్దట్లో చేసిన పనికి కూలి అడగన్లెండి."