నర్సమ్మ, పీచ్ పండు గ్రీన్ టీ

కోకాపేటలోని ఆ అద్దాల మేడ పదకొండో అంతస్తులో ఉన్న కంపెనీకి అధిపతులు చాలామంది. వాళ్ళు వస్తుంటారు, పోతుంటారు. ఉదయం పదిన్నరకూ మధ్యాహ్నం నాలుగింటికీ ప్యాంట్రీలోంచి బయలుదేరే అల్లం చాయ్ మాత్రం తొమ్మిదేళ్ళుగా చలించలేదు. దాని కర్త నర్సమ్మ. సొంతూరు షాద్‌నగర్ అవతల. ఇప్పుడు నార్సింగిలో ఒక గది కిరాయికి తీసుకుని ఉంటోంది. ఆమె రాజ్యాంగంలో ఒకటే అధికరణం: తాను తాగి చూడనిది మరొకరి చేతికి ఇవ్వరాదు.

ఒక సోమవారం ఉదయం, ఆఫీసు వ్యవహారాలు చూసే ఉమాశ్రీ లేత ఆకుపచ్చ పెట్టె ఒకటి తెచ్చి ఆమె ముందు పెట్టింది.

"నర్సమ్మగారూ, ఇది పీచ్ పండు గ్రీన్ టీ అండి. అందరికీ షుగర్లు వస్తున్నాయని మధ్యాహ్నం ఇది కూడా పెట్టమంటున్నారు. శుక్రవారం అందరిచేతా తాగించి చూస్తాం."

"చూడుండ్రి మేడం. దానికేంది?"

ఉమాశ్రీ గొంతు తగ్గించింది. "ఒక మెషీను కూడా వస్తోందండి. ఆరోజు అదొక కప్పు ఇస్తుంది, మీరొక కప్పు ఇస్తారు. మెషీనుదే బాగుందంటే ఇక చాయ్, కాఫీ అన్నీ దానికే అప్పగిస్తారట. మిమ్మల్ని బాత్‌రూముల డ్యూటీకి మారుస్తారు. జీతం మాత్రం అదేనండి."

జీతం సంగతి ఓదార్పుగానే చెప్పింది పాపం. అది ఓదార్పుగా చేరలేదు. ఆ పని తక్కువదని నర్సమ్మ అనుకోలేదు. దాన్ని చేసే బాలమ్మతోనే ఆమె రోజూ డబ్బా విప్పుకుని అన్నం తింటుంది. కానీ అక్కడ 'నర్సమ్మ చేతిది' అని ఎవరూ అడిగి తీసుకునేది ఏదీ ఉండదు.

మధ్యాహ్నమే ప్రయోగం మొదలైంది. చాయ్ అన్నాక మరగాలి. ఈ సిద్ధాంతం మీద ఆమెకు ఎటువంటి అనుమానమూ లేదు. గిన్నెలో నీళ్ళు పోసి, పెట్టెలోంచి పది టీ సంచులు తీసి వేసి, అల్లం దంచి వేసి, మూడు పొంగులు రానిచ్చి, పాలు పోసింది. పండు పులుపుకో ఏమో, పాలు క్షణంలో విరిగిపోయాయి. పాలు లేకుండా మళ్ళీ మరిగించింది. చివర్లో చాయ్ గుడ్డ పిండినట్టు ఒక్కో సంచినీ చుక్క మిగలకుండా పిండింది. ముదురు గోధుమరంగు ద్రవం తయారైంది.

గుమ్మం దగ్గర సెక్యూరిటీ చేసే మల్లయ్య ఒక గుక్క తాగి, కాసేపు గోడవైపు చూశాడు.

"అక్కా, ఇది తాగేదా, మోకాళ్ళకు రాసేదా?"

"నోరు మూసుకొని తాగు."

"మూసుకుంటె ఎట్ల తాగుత?"

నర్సమ్మ తానూ తాగింది. వేపచెక్క కషాయం దీనికంటే మర్యాదస్తురాలు అనిపించింది. గిన్నె తోమేసింది.

మంగళవారం పొద్దున్నే, కాఫీ కోసం వచ్చిన కళ్యాణి అనే ఇంజినీరు పిల్లను పట్టుకుంది. "బిడ్డా, జర ఈ పెట్టె మీద ఏం రాసిండ్రో చదువు. అంత ఇంగ్లీషే ఉన్నది."

"నీళ్ళు ఎనభై డిగ్రీలు ఉండాలట ఆంటీ. సంచి మూడు నిమిషాలే ఉంచాలట. మరిగించొద్దు అని పెద్దక్షరాలతో రాశారు."

"మరిగియ్యద్దా?" నర్సమ్మ స్టూలు మీద కూర్చుంది. తొమ్మిదేళ్ళ విశ్వాసం కదిలినప్పుడు మనిషి కూర్చోవడం సహజం. "మరిగియ్యకుంటె అది చాయ్ ఎట్లయితది?"

"అది చాయ్ కాదు ఆంటీ. వేరే."

ఆ మాట పనికొచ్చింది. వేరేది అయితే వేరేగానే నేర్చుకోవాలి. నీళ్ళు కాచి, పొయ్యి ఆపి, మూత తీసి ఉంచింది. ఎనభై అంటే ఎంతో ఆమె దగ్గర కొలత లేదు, నాలుక ఉంది. రెండు కప్పులు కడిగేంతసేపు ఆగి సంచి వేసింది: చేదు. నాలుగు కప్పులు కడిగి వేసింది: కాస్త తగ్గింది. ఎనిమిది కప్పులు కడిగాక వేస్తే రంగు లేత పసుపులోకి తిరిగింది. అయినా గొంతులో ఏదో పట్టుకుంటోంది. బుధవారమంతా ఆ 'ఏదో' మీదే గడిచింది. మూడు నిమిషాలకు ఫోనులో అలారం మోగాక తీసినా అదే, రెండున్నరకు తీసినా అదే. గురువారం నాలుగింటికి, చాయ్ పంచే హడావిడిలో ఒక సంచిని పిండకుండానే తీసి పడేసి, ఆ కప్పు తాగింది. గొంతు పట్టలేదు.

"పిండుడే తప్పు!" అని ఖాళీ ప్యాంట్రీలో ప్రకటించింది. అంతకుముందు నలభై సంచులు పిండిన చేతుల వైపు కోపంగా చూసుకుంది. అయినా పండు వాసన ముక్కుదాకానే వస్తోంది, నాలుకకు చేరడం లేదు. ఆ పండును ఆమె జన్మలో చూడలేదు కనుక, దాని తరఫున వాదించలేకపోయింది.

శుక్రవారం మెషీను వచ్చింది. తెచ్చిన మనిషి మీట నొక్కితే బుసకొడుతూ పొగలు కక్కే నీళ్ళు సంచి మీద పడ్డాయి. నర్సమ్మ దగ్గరికెళ్ళి అడిగింది.

"ఆ నీళ్ళ వేడి జర తగ్గదా అన్నా?"

"తగ్గదమ్మా, అన్నిటికీ ఒకటే సెట్టింగు."

ఆమె వెనక్కి వచ్చి, తన నీళ్ళ గిన్నె మూత తీసి, ఎనిమిది కప్పులు కడిగింది. ఎర్ర కప్పులు మెషీనువి, తెల్లవి ఆమెవి. నలభైమంది రెండూ తీసుకున్నారు. అరగంట తరువాత తెల్లకప్పులన్నీ ఖాళీగా తిరిగొచ్చాయి. ఎర్రకప్పుల్లోది చాలామటుకు కుండీల్లోని మొక్కలకు దక్కిందని తరువాత తెలిసింది.

సాయంత్రం ఉమాశ్రీ ప్యాంట్రీకి వచ్చింది. "మెషీను వెనక్కి పంపేస్తున్నామండి. ప్యాంట్రీ మీదే. కానీ ఒక్కమాట నిజం చెప్పండి. మీకు నచ్చిందా?"

"నాకు నచ్చలే మేడం. గింత గూడ నచ్చలే. కని సరిగ్గనే అయ్యింది గద?"

"చాలా బాగా కుదిరిందండి."

"మరి ఇంకో కరెంటు పొయ్యి తెప్పియ్యిండ్రి. ఒకదాని మీద అల్లం చాయ్ మరుగుతుంటె, ఇది ఏడ పెట్టాలె?"

ఉమాశ్రీ ఫోను తీసి రాసుకోబోయింది.

"ఇంకో మాట," అంది నర్సమ్మ. "సోమవారం లోపటనే."