నీలం పెన్ను చూపించి అమ్మిన అద్దాలు

లేజర్ మిషన్ ముందు కూర్చునేటప్పుడు ఎర్ర అద్దాలు పెట్టుకోవాలా, పచ్చవి పెట్టుకోవాలా అని అడిగావు కదా కీర్తనా. రంగు చూసి కొనకు. ఫ్రేమ్ అంచు మీదో, అద్దం మూలనో అంకెలు రాసి ఉంటాయి. అవి చదివి కొను. అంకెలు లేకపోతే ఎంత అందంగా ఉన్నా అక్కడే పెట్టేసి రా. పుణెకి ఫోన్ చేసి నీకూ నీ తమ్ముడికీ ఈ రెండు ముక్కలు చెప్పి ఊరుకునేదాన్నే. కానీ ఎందుకో చెప్పకపోతే మీరు వినే రకం కాదు. అందుకని కూర్చుని రాస్తున్నాను.

కరోనా తగ్గి, మాస్కులు ముక్కు మీది నుంచి గడ్డం కిందికి దిగిన ఎండాకాలం అది. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో లైను పక్కనున్న ఒక ప్రైవేటు కంటి దవాఖానలో నేను సీనియర్ ఆప్టోమెట్రిస్టుని. రిటైర్ అయ్యేదాకా చేసిన చివరి ఉద్యోగం అదే. ఆప్టోమెట్రిస్టు అంటే డాక్టరు కాదు. చూపు కొలవడం, అద్దాల నంబరు తేల్చడం, కంటి లోపల తేడా ఉందనిపిస్తే డాక్టరు గదికి పంపడం మా పని. పై అంతస్తులో మా గదులు, షుగరు వల్ల దెబ్బతిన్న కళ్లకు లేజర్ పెట్టే గది. కింద, లోపలికి రాగానే, కళ్లద్దాల కౌంటరు. నంబరు రాసిన చీటీ పట్టుకుని మెట్లు దిగినవాళ్లు ఆ కౌంటరు దాటకుండా రోడ్డెక్కలేరు. అలా కట్టారు.

ఒక పొద్దున యాదగిరి అనే అతను భార్య సునీతను వెంటబెట్టుకుని నా గదిలోకి వచ్చాడు. నలభై దాటి ఉంటాయి. నల్లగొండ దగ్గరి పల్లె నుంచి వచ్చి ఎల్బీ నగర్‌లో స్థిరపడినవాడు. అక్కడి నుంచి విజయవాడకు ప్రైవేటు బస్సు నడుపుతాడు. కుడి కన్ను మసకగా ఉంది, నంబరు పెరిగినట్టుంది, కొత్త అద్దాలు రాయమన్నాడు. నొప్పి లేదు, ఎరుపు లేదు, నీరు కారడం లేదు.

ఎడమ కంటితో చార్టులో చివరి వరుస గడగడా చదివాడు. కుడి కంటితో పైన ఉండే పెద్ద అక్షరం ఒక్కటే చెప్పాడు, అది కూడా తల పక్కకు తిప్పి. నాకు అక్కడే అనుమానం వచ్చింది. నంబరు తేడా అయితే మనిషి కళ్లు చికిలించుకుంటాడు గానీ తల తిప్పడు. లెన్సులు మార్చి మార్చి పెట్టాను, లాభం లేదు. చిన్న చిల్లున్న నల్ల రేకు ఒకటి ఉంటుంది మా దగ్గర. నంబరు వల్ల వచ్చిన మసక అయితే ఆ చిల్లులోంచి చూసినప్పుడు కొంతైనా తేటపడుతుంది. ఇతనికి తేటపడలేదు. అంటే తేడా ముందు లేదు, కంటి వెనక పొరలో ఉంది. గళ్ల కాగితం చేతికిచ్చి, నడుమ ఉన్న చుక్కను చూడమన్నాను.

"చుక్క ఏడుంది మేడం? నడుమ గుండ్రంగ మాసిపోయింది గదా, కాయితం పాతదా ఏంది?"

కాగితం కొత్తదే. వెల్డింగ్ పని చేస్తాడా, గ్రహణం రోజున సూర్యుణ్ణి చూశాడా అని అడిగాను. అతను నోరు తెరిచేలోపే సునీత అందుకుంది.

"ఆకాశంల సూర్యున్ని ఎందుకు జూస్తడు మేడం, ఇంట్లనే తెచ్చి పెట్టుకున్నడు. గదేందో లేజర్ మిషనంట. బస్సు దిగుడు, దాని ముందల కూసునుడు. నాకు సవతి లెక్క తయారైంది."

"నువ్వు జర ఊకో," అన్నాడు యాదగిరి. తర్వాత సిగ్గుపడుతూ చెప్పుకొచ్చాడు. చెక్కల మీద బొమ్మలు, పేర్లు చెక్కే పది వాట్ల మిషను. ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాడు. సరదా పనే, అమ్మకానికి కాదు. తమ్ముడి గృహప్రవేశానికి వచ్చినవాళ్లకు పంచడానికి స్టీలు గ్లాసుల మీద పేరు వేస్తున్నాడు. మనిళ్లల్లో స్టీలు సామాను మీద పేరు వేయించడం మీకు తెలిసిందే. కొట్టువాళ్లు బుర్రుమనే మిషనుతో వంకరటింకరగా వేసి ఇచ్చేవారు. ఇతను పువ్వు, తీగ, కింద తమ్ముడి పేరు, పక్కన మరదలి పేరు అందంగా వేశాడు.

గుండ్రటి, నిగనిగలాడే స్టీలు గ్లాసు. లేజర్‌కు అది వంపు తిరిగిన అద్దం లాంటిది. కిరణం దాని మీద పడి ఎటు ఎగిరి వస్తుందో ఎవరూ చెప్పలేరు. ఒకసారి కళ్ల ముందు తెల్లటి మెరుపు మెరిసిందనీ, ఫ్లాష్ కొట్టినట్టనిపించి ముఖం కడుక్కుని మళ్లీ కూర్చున్నాననీ చెప్పాడు. కంటి వెనక పొరలో నొప్పి తెలిపే నరాలు లేవు పిల్లలూ. అది కాలినా తెలియదు.

"కళ్లకు ఏమీ పెట్టుకోలేదా?" అన్నాను. మందలించినట్టే అన్నాను.

"పెట్టుకోకుంట ఎట్ల కూసుంట మేడం? స్టీరింగ్ పట్టెటోన్ని, కండ్ల విలువ నాకు ఎర్క లేదా? అద్దాలు పెట్టుకునే చేసిన. మీ కాడ కొన్నయే." చొక్కా జేబులోంచి డబ్బా తీశాడు. మూత మీద మా దవాఖాన పేరు.

తీసి వెలుతురుకు పట్టాను. తెల్లటి అద్దం, ఏటవాలుగా చూస్తే లేత నీలం మెరుపు. బ్లూ కట్. కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లకు ఊళ్లో ప్రతి కౌంటరూ అమ్మే అద్దం.

మిషన్‌తో పాటు వచ్చిన అద్దాల పుల్ల విరిగిందట. బుద్ధిమంతుడు కాబట్టి, ఎక్కడో ఫుట్‌పాత్ మీద కాకుండా కంటి దవాఖానలోనే కొందామని మా దగ్గరికి వచ్చాడు. నాది నీలం లేజర్, దాన్ని ఆపే అద్దం కావాలి అని స్పష్టంగా అడిగాడు. కౌంటరులో ఒక చిన్న పెన్ను టార్చి, ఒక తెల్ల కార్డు ఉంటాయి. పెన్ను నొక్కితే కార్డు మీద నీలంగా మచ్చ వెలుగుతుంది. మధ్యలో మామూలు అద్దం పెడితే మచ్చ అలాగే ఉంటుంది. బ్లూ కట్ పెడితే మాయమవుతుంది. చూసినవాడు నమ్మక ఏం చేస్తాడు? నీలం వెలుగు తన కళ్ల ముందే ఆగిపోయింది కదా.

ఆ పెన్ను వెలుగు నిజానికి ఊదా. వెలుగును నానోమీటర్లలో కొలుస్తారు. పెన్నుది 405 దగ్గర, యాదగిరి మిషనుది 450. బ్లూ కట్ 405ను ఆపుతుంది, 450ని దాదాపు అలాగే వదిలేస్తుంది. మనిషి కంటికి రెండూ నీలమే. అద్దానికి కాదు.

డాక్టరు గారు స్కాన్ తీయించారు. చూపుకు నడిబొడ్డు లాంటి చోటు, మాక్యులా అంటాం, అక్కడ కాలిన మచ్చ, చుట్టూ వాపు. మాత్రలు రాసి, కొన్ని నెలలు ఆగి చూడాలి, అప్పటిదాకా బండి ముట్టుకోవద్దు అన్నారు. బయటికొచ్చాక యాదగిరి నన్ను అడిగింది ఒక్కటే. "హెవీ లైసెన్సుకు కంటి పరీక్ష ఉంటది గదా మేడం. అండ్ల పాసైతనా?" సునీత వైపు చూడకుండా అడిగాడు. అది తేల్చి చెప్పాల్సింది డాక్టరు గారు. చెప్పే అధికారం లేకపోవడం ఆ రోజు నాకు మేలే చేసింది.

మీకు తెలుసు, నా గొంతు పెద్దది కాదు. కోపం వస్తే ఇంకా తగ్గుతుంది. మీ అమ్మ చిన్నప్పుడు నేను అరిస్తే నవ్వేది, మెల్లగా మాట్లాడితే పారిపోయేది. ఆ గొంతుతోనే కిందికి దిగి, కౌంటరు చూసే రమేష్‌ను ఆ పెన్ను ఒకసారి చూపించమన్నాను. గుంటూరు వైపు నుంచి వచ్చిన మనిషి, మాటకారి. ఉత్సాహంగా చూపించాడు. యాదగిరి అద్దాలు గల్లా బల్ల మీద పెట్టి, ఇవి లేజర్‌ను ఆపుతాయని చెప్పావా అన్నాను.

"అదేంటి మేడం గారూ, అంత మాటంటారు? మేం కంప్యూటర్ కోసమనే అమ్ముతాం. లేజరూ గీజరూ అని ఆయనే అన్నాడండి."

యాదగిరి నా వెనకే వచ్చి నిలబడ్డాడు. "అన్నా, నేను అడగలేదా? మా మిషన్‌ది నీలం లేజరు, గిది ఆపుతదా అని రెండుసార్లు అడిగితి. నువ్వు పెన్ను గొట్టి చూపిస్తివి. ఇది ఆపకపోతే ఇంకేది ఆపుతుంది బాస్ అంటివి. బాస్ అన్నవు చూడు, గప్పుడే నాకు అనుమానం రావాల్సుండె."

రమేష్‌ను పైకి రమ్మన్నాను. కంటిలో పసుపు మందు వేశాక చూడటానికి మా మైక్రోస్కోపులో ఒక నీలం దీపం ఉంటుంది. దాని వెలుగు 450కి దగ్గర్లోనే ఉంటుంది. గోడ మీదికి తిప్పి, యాదగిరి అద్దాల్లోంచి చూడమన్నాను. నీలం నీలంగానే ఉంది. తర్వాత లేజర్ గదిలోని నారింజ అద్దాలు ఇచ్చాను. గోడ మీద ఏమీ కనిపించలేదు. అద్దాలు తీశాడు, పెట్టాడు, మళ్లీ తీశాడు. "ఇవేం గాగుల్సండి?" అన్నాడు. మూడేళ్లుగా కంటి దవాఖానలో అద్దాలు అమ్ముతున్న మనిషి అడిగిన ప్రశ్న అది.

డాక్టరు గారికి ఇవన్నీ తెలియక కాదు. తలుపు పైన ఎర్ర దీపం వెలుగుతుండగా అద్దాలు లేకుండా లేజర్ గదిలోకి నర్సు వస్తే కసిరి బయటికి పంపేవారు. ఆయన గదికి వెళ్లి, ఆ పెన్ను కౌంటరు మీది నుంచి తీయించండి సార్ అన్నాను. కౌంటరు కిరాయికి ఇచ్చాం, అది మనది కాదు అన్నారు. డబ్బా మీద పేరు మనదే కదా అన్నాను. దిల్‌సుఖ్‌నగర్ మొత్తం అదే పెన్ను చూపిస్తున్నారు, మనమొక్కరం తీస్తే ఏమవుతుందమ్మా అన్నారు. యాదగిరికి ఇకపై ఫీజు తీసుకోవద్దని కూడా అన్నారు. మంచి మాట చెప్పి నా నోరు మూయించాననుకున్నారు.

మర్నాడు ఒక అట్టముక్క మీద "ఇవి లేజర్ కళ్లద్దాలు కావు" అని స్కెచ్ పెన్నుతో రాసి కౌంటరు మీద నిలబెట్టాను. మధ్యాహ్నానికి లేదు. మళ్లీ రాశాను. మళ్లీ తీశారు. చివరికి నా కుర్చీలో కూర్చున్న ప్రతి మనిషికీ నోటితోనే చెప్పడం మొదలుపెట్టాను. రిటైర్ అయ్యేదాకా చెప్పాను. మేడంకు లేజర్ పిచ్చి పట్టిందని కింద నవ్వుకునేవారట. నవ్వుకోనీ.

కొన్ని నెలలకు యాదగిరి కంట్లో వాపు తగ్గింది. చార్టులో సగం దాకా చదవగలిగాడు. నడుమ మచ్చ చిన్నదైంది గానీ పోలేదు. లైసెన్సు కంటి పరీక్షలో తప్పాడు. బస్సు ఓనరు పాత మనిషని తీసేయకుండా, ఎల్బీ నగర్‌లో బస్సు ఎక్కించే చోట నిలబెట్టాడు. సూర్యాపేట, కోదాడ, విజయవాడ అని అరవాలి. తను నడిపిన బస్సులో ఇంకొకరు స్టీరింగ్ పట్టుకుంటే కింద నిలబడి తలుపు కొట్టి రైట్ చెప్పాలి.

ఒకసారి పరీక్షకు వచ్చినప్పుడు సరైన అద్దాలు ఏవో చెప్పమన్నాడు. మిషను వదలలేదా అని సునీతను చూశాను. "ఉన్న ఒక్క కన్నన్న కాపాడుకుంటడని నేనే అడగమన్న మేడం, వదలమంటే వదులుతడా," అంది. అతనికి చెప్పిందే మీకూ చెబుతున్నా.

ముందు మిషన్ మీది స్టిక్కరు చదవండి, అక్కడ నానోమీటర్ల అంకె ఉంటుంది. అద్దాల మీద రాసిన హద్దుల్లో ఆ అంకె పడాలి. దాని పక్కనే ఓడీ అని ఇంకో అంకె ఉంటుంది. అది ఒకటి పెరిగినప్పుడల్లా లోపలికి వచ్చే వెలుగు పదో వంతుకు తగ్గుతుంది. ఓడీ ఆరు అంటే పది లక్షల వంతుల్లో ఒక్క వంతు. మీ మిషను అంకె దగ్గర ఎంత ఓడీ ఉందో చూడండి, వేరే అంకె దగ్గర ఎంత ఉంటే మనకేం? తయారుచేసినవాడు పరీక్ష కాగితం ఇవ్వలేకపోతే వద్దు. పక్కల నుంచి వెలుగు దూరకూడదు. గీతలు పడ్డవి, పగిలినవి పారేయండి. చలువ అద్దాలు, శుక్లాల ఆపరేషను తర్వాత ఇచ్చే నల్లద్దాలు దీనికి పనికిరావు. నేను గోడ మీద చూపించిన నీలం దీపం ఆట కూడా కొనేటప్పుడు చేసే పరీక్ష కాదు. అది రమేష్ కోసం. అద్దాల కంటే ముందు మిషనుకు మూతపెట్టె ఉండాలి, మూత తీస్తే లేజర్ ఆగిపోవాలి. అద్దాలు పెట్టుకున్నాం కదా అని కిరణం వైపు చూడకూడదు. గదిలో ఎంతమంది ఉంటే అన్ని జతలు ఉండాలి. స్టీలు గ్లాసుల జోలికి పోవద్దు.

ఆ ఉద్యోగంలో నాకు తెలిసింది ఇది: కళ్ల ముందు చేసి చూపించే పరీక్ష, చూపించేవాడు ఎంచుకున్న వస్తువు గురించే చెబుతుంది, నీ ఇంట్లో ఉన్న వస్తువు గురించి కాదు. ఇంకొకటి. తెలిసీ ఊరుకున్నవాడి పేరు ఎక్కడా రాదు.

రమేష్ కొన్నాళ్లకు కొత్తపేట వైపు వేరే షాపులో చేరాడు. వెళ్లే ముందు రోజు, దారికి అడ్డంగా నిలబడి అడిగాను. నీలం లేజర్ మిషను ఉందని చెప్పి అద్దాలు అడిగినవాడు యాదగిరి ఒక్కడే కాదు కదా రమేష్, ఇంకా ఎవరెవరికి ఆ పెన్ను చూపించి ఆగుతుందని చెప్పావు?