సారు చేత్తో తీసిన ఏటి వాటాలు

గట్టిగా కోప్పడితే చాలు, లోకంలో పనులన్నీ వాటంతటవే చక్కబడతాయని నమ్మిన రోజులవి. కొత్త ఉద్యోగం, మెడలో ఐడీ కార్డు, ఎవరో ఒకరిని కడిగేయడానికి నోట్లో ఎప్పుడూ సిద్ధంగా ఒక మాట. పెన్న ఒడ్డునున్న ప్రభుత్వ భూముల్ని ఏం చేయాలో, ఎలా చూసుకోవాలో ప్రణాళిక రాసే ఆఫీసులో నన్ను కాంట్రాక్టు మీద తీసుకున్నారు. నా పనల్లా మ్యాపుకు రంగులు వేయడం. (అప్పు చేసి ఇంజనీరింగు చదివించిన మా నాన్నకు మాత్రం ఇంకేదో చెప్పాను.) మా పై అధికారి ఏటిని డ్రోన్ ఫొటోల్లో తప్ప చూడని మనిషి గనుక ఆఫీసులో అందరం ఆయన్ను చాటుగా డ్రోన్ సారు అనేవాళ్లం. ఒకరోజు ఆయన నా వెనక నిలబడి, తెరమీద వేలు పెట్టి, "ఈ ఇసుకంతా ఖాళీయే కదా, పసుపు వేసెయ్. ఇక్కడ వాకింగ్ ట్రాక్, ఇక్కడ బెంచీలు, ఇక్కడ రంగురంగుల లైట్లు" అన్నాడు. ఆయన వేలు ఆగినచోట అంతకు ముందు వేసవిలో మా మేనత్త దోసపాదులు పెట్టింది.

మా ఊరు పెన్న సముద్రంలో కలిసేచోటికి కాస్త ఎగువన ఉంటుంది. వరద తీసి ఇసుక తేలాక, సెంటు భూమి లేని ఇళ్లవాళ్లు ఆ ఇసుకలో గుంతలు తీసి, పశువుల ఎరువు వేసి, కుండలతో నీళ్లు మోసి దోస, పుచ్చ పండిస్తారు. మళ్లీ వరద వచ్చేదాకా ఆ నేల వాళ్లది, వచ్చాక ఏటిది. ఏరు ఇసుకను ఏడాదికో పక్కకు జరుపుతుంది కాబట్టి వాటాలు కూడా ఏటేటా కొత్తగా వేసుకోవాల్సిందే. ఇంటికో గుర్తు బుట్టలో వేసి ఒక్కొక్కటే తీస్తారు, వచ్చిన వరుసలోనే వాటాలు. ఊరివాళ్లు తీస్తే తగాదా అని, ఆ రోజు బయటినుంచి ఎవరు దొరికితే వాళ్ల చేత, బస్సు కండక్టరైనా సరే, తీయిస్తారు. మామయ్య పోయాక అత్తకు ఆ దోసకాయలే ఆధారం. ట్రాక్ పడిందంటే ఆ వేసవికే ఆమె పొయ్యి ఆరిపోతుంది. దీనికి వీళ్లు పెట్టిన పేరు సుందరీకరణ! ఆ మాట వింటే నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. కార్లో షికారుకొచ్చేవాడి కంటికి ఇంపుగా ఉండటానికి అక్కడ బతికేవాళ్లు ఖాళీ చేసి పోవాలట. పైగా ప్రణాళిక మొదటి పేజీలో 'ఇది ప్రజల ఆస్తి' అని రాసేదీ వీళ్లే. ఆ ప్రజలెవరో ఒక్కసారి చూపించమనండి!

ఇదంతా సారుతో అన్నాను. (అంటే, ఇందులో సగం, అదీ సగం గొంతుతో.) "సెంటిమెంట్లు వద్దయ్యా, ఎల్లుండి మనమే వెళ్లి చూద్దాం. విలేకరులు కూడా వస్తున్నారు" అన్నాడాయన. ఇంకేముంది, బాత్‌రూమ్ అద్దం ముందు నిలబడి నా ఉపన్యాసం సాధన చేశాను. అత్తకు ఫోన్ చేసి, "అందరి ముందూ కడిగేస్తా, చూడు" అన్నాను. "కడుగుదువులే అబ్బయా. ఎన్ని గంటలకొస్తాడు ఆయన?" అంది. పదింటికన్నాను. సరేనని పెట్టేసింది.

వెళ్లేసరికి ఊరంతా ఇసుకలో ఉంది. కారు దిగిన సారుకు అత్తే ఎదురొచ్చి దండ వేసి, టెంకాయ కొట్టించి నీళ్లిచ్చింది. నాకు ఒళ్లు మండిపోయింది. "ఏందత్తా ఇది? నీ పొట్ట కొట్టను వచ్చినోడికి దండా?" అని పళ్లు నూరాను. "ఎండగా ఉండాది గదా, దాహమేసుంటాది" అని నవ్వింది. ఇక లాభం లేదని ముందుకెళ్లి, గొంతు సవరించుకుని, "సార్, ఖాళీ అంటే అర్థమేంటి సార్?" అని మొదలుపెట్టాను. సారు అటు తిరిగి, "కాస్త ఈ గొడుగు పట్టవయ్యా" అన్నాడు. నా ఉపన్యాసం అక్కడితో సమాప్తం.

ఈలోగా మా ఊరి నుంచి నెల్లూరు మార్కెట్టుకు పుచ్చకాయలు తోలే సాయిబు మామ బుట్ట తీసుకొచ్చాడు. "సార్, మా ఊరి ఆనవాయితీ. పెద్దోళ్లెవరన్నా వస్తే ఇందులో చెయ్యి పెట్టాల. మీ చెయ్యి మంచిదంటుండారు" అని, కొత్త తువ్వాలు సారు కళ్లకు కట్టాడు. సారుకు ముచ్చటేసింది. కెమెరాల వైపు మొహం తిప్పి మరీ చెయ్యి పెట్టాడు. మొదట గాజుముక్క బయటికొచ్చింది. జనం చప్పట్లు కొట్టారు. అసలు వాటాలు వేసేది ఇంకో వారానికి కదా, అందుకే గాజుముక్కను చూసేదాకా కోపంతో నిండిన నా బుర్రకు సంగతి తట్టలేదు. తర్వాత చింతగింజ, నత్తగుల్ల, చొక్కా గుండీ. ఆఖర్న మా అత్త పాత తాళంచెవి. ఎవరి గుర్తు వస్తే వాళ్లు పోయి తమ వాటాలో నిలబడ్డారు. అత్త నా పక్కకొచ్చి, "ఆయన చేత్తో పంచిన నేలని ఆయనే ఖాళీ అని ఎట్టా అంటాడో చూస్తా. నువ్వు గొడుగు తిన్నగా పట్టు, అబ్బయా" అంది.

మర్నాడు పేపర్లో తువ్వాలు కట్టుకున్న సారు ఫొటో, 'పేదలకు ఏటి వాటాలు పంచిన అధికారి' అని పెద్ద అక్షరాలు. పైవాళ్ల నుంచి రోజంతా ఫోన్లు. సారు మొహం చూడలేకపోయాం. ఆ వేసవికి ప్లాన్ బీరువాలోకి పోయింది, అత్త పాదులు విరగకాశాయి, నా కాంట్రాక్టు మాత్రం పొడిగించలేదు.

కథ ఇక్కడ ఆగితే ఎంత బాగుండేది! రెండేళ్లకు ఇంకో అధికారి వచ్చాడు. ముందే విని ఉన్నాడేమో, చేతులు ప్యాంటు జేబుల్లో పెట్టుకునే కారు దిగాడు, అలాగే తిరిగి ఎక్కాడు. ట్రాక్ వేశారు. మొదటి వరదకే సగం కొట్టుకుపోయింది. ఇప్పుడక్కడ ఇసుకలో గుంత తీస్తే టైల్స్ ముక్కలు తగులుతాయి, పాదు వేరు పట్టదు. ఎవరినడగాలి? మిగిలిన సగం ట్రాక్ మీద, లారీలో ఎక్కడినుంచో దిగిన దోసకాయలు కొని, కోసి, ఉప్పూకారం అద్ది అమ్ముతోంది మా అత్త.

మొన్న వేసవిలో వెళ్లినప్పుడు అక్కడి వాచ్‌మన్ ఆమె గంపను కాలితో పక్కకు నెట్టాడు. వయసైతే వచ్చింది గానీ బుద్ధి ఎక్కడికి పోతుంది, నేను చొక్కా చేతులు మడిచి వాడి మీదకు వెళ్లాను. అత్త నా మోచెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది. "నువ్వు నాలుగు మాటలనేసి సాయంత్రం బస్సెక్కి పోతావు, అబ్బయా. రేపు పొద్దున ఈడ కూర్చోవాల్సింది నేను" అంది. వాచ్‌మన్‌కు ఒక ముక్క, నాకొక ముక్క కోసి ఇచ్చింది. మడిచిన చొక్కా చేతులతో ఆ ముక్క తింటూ నిలబడ్డ నన్ను చూసుకుంటే నాకే నవ్వొచ్చింది. కారం వల్లేనని చెప్పి కళ్లు తుడుచుకున్నాను.