యాదమ్మక్క వరుస పెట్టిన వెయ్యి కార్డులు

1981. వరంగల్‌లో ఒక ఇంజనీరింగ్ కళాశాల కంప్యూటర్ కేంద్రంలో నేను ప్రోగ్రామర్‌ని. అక్కడ యంత్రం ఒక్కటే; దాని గురించి మాట్లాడగలిగిన మనిషినీ నేనొక్కణ్నే. అధ్యాపకులు వచ్చి ఫలితాల కాగితాలు తీసుకుని వెళ్లేవారు. ఆ ఫలితం ఏ దారిన వచ్చిందని ఎవరూ అడిగేవారు కాదు. ఏసీ గది తలుపు మూసుకుంటే ప్రింటర్ చప్పుడే తోడు.

ఆ ఏడు మద్రాసులో జరిగే ప్రోగ్రామింగ్ పోటీకి మా కళాశాల నుంచి ఒక్క విద్యార్థినే పంపమన్నారు. ఎంపిక బాధ్యత నాది. వెయ్యి సంఖ్యలను చిన్నదాని నుంచి పెద్దదాని వరకు వరుసలో పెట్టాలి. తక్కువ సమయంలో ముగించిన ప్రోగ్రామ్‌ది గెలుపు. సంఖ్యలు కలగాపులగంగా ఉంటాయని నోటీసులో రాశాను. ఆ రోజుల్లో యంత్రానికి సంఖ్యలను చిల్లులు పొడిచిన అట్టకార్డుల మీద, కార్డుకొకటి చొప్పున, అందించేవాళ్లం.

చివరికి ఇద్దరు మిగిలారు. ఆఖరి సంవత్సరం శ్రీధర్ ఇన్సర్షన్ సార్ట్ రాశాడు. పేకాటలో కొత్త ముక్కను చేతిలోని ముక్కల మధ్య సరైన చోట దూర్చినట్టు, ఒక్కో సంఖ్యనూ దాని స్థానంలో చేర్చే పద్ధతి అది. మరిపెడ నుంచి వచ్చిన మూడో సంవత్సరం కొమురయ్యది క్విక్‌సార్ట్. మొదటి సంఖ్యను హద్దుగా పట్టుకుని చిన్నవాటిని ఒక పక్కకు, పెద్దవాటిని మరో పక్కకు తోసి, ప్రతి పక్కనూ మళ్లీ అలాగే విడదీస్తుంది. ఇదే గెలుస్తుందని నా అంచనా.

కార్డులు చదవడం అయ్యాక, శ్రీధర్ ప్రోగ్రామ్ నేను స్టాప్‌వాచ్ నొక్కేలోపే ముగిసింది. కొమురయ్యది మాత్రం ఎంతకీ ముగియలేదు; యంత్రం ప్యానెల్ మీద దీపాలు మినుకుమంటూనే ఉన్నాయి.

"ఏందిర కొమురయ్యా, క్విక్ అని పేరు వెట్టుకొని ఎడ్లబండి లెక్క పోతాంది?" అన్నాడు శ్రీధర్.

కొమురయ్య నవ్వలేదు. "నా లాజిక్ తప్పా సార్?"

"తప్పు కనబడటం లేదు."

"మరి తప్పు లేనోడు ఎట్ల ఓడిపోయిండు సార్?"

అడగడానికి నాకు పైవాడు లేడు. వాళ్లను కూర్చోబెట్టి ప్రోగ్రామ్‌ను పంక్తి వెంట పంక్తి చదివాను. చివరికి కార్డ్ రీడర్‌లోంచి కార్డుల కట్ట తీసి చూస్తే, అంచున అచ్చయిన సంఖ్యలు మెట్లెక్కినట్టు పెరుగుతూ పోతున్నాయి. కార్డులకు చిల్లులు పొడిచే పంచింగ్ ఆపరేటర్ యాదమ్మను పిలిచాను.

"యాదమ్మక్కా, నేనిచ్చిన కాగితంలో సంఖ్యలు ఇలా లేవు కదా?"

"యాడుంటయ్ సార్, అడ్డదిడ్డంగ రాసిస్తిరి. పంచ్ చేసి, సార్టర్ మిషన్ల ఏసి వరుస వెట్టిన."

"ఎందుకు?"

"ఎందుకంటరేంది! మొన్న మార్కుల కార్డులు వరుస తప్పితే ఆఫీసోళ్లు నా మీదనే గదా లొల్లి చేసిండ్రు. ఈపారి ఒక్కటి గూడ తప్పలే, సూస్కోండ్రి."

శ్రీధర్ పగలబడి నవ్వాడు. "వరుస వెట్టే పోటీకి అక్కనే ముందుగాల పెట్టిచ్చింది. ఫస్ట్ ప్రైజ్ అక్కకే ఇయ్యాలె సార్!"

ముందే వరుసలో ఉన్న సంఖ్యలపై ఇన్సర్షన్ సార్ట్‌కు దాదాపు పనే లేదు. క్విక్‌సార్ట్ పట్టుకున్న మొదటి సంఖ్య ప్రతిసారీ అన్నిటికంటే చిన్నదే. ఒక పక్క ఖాళీ, మిగిలినవన్నీ మరో పక్కనే. విభజన పేరుకే; విడదీసిన ప్రతిసారీ తగ్గేది ఒక్క సంఖ్యే.

కార్డులు బల్ల మీద పోసి, బాగా కలిపి మళ్లీ నడిపాము. ఈసారి కొమురయ్యది చప్పున ముగిసింది. ఒక్కో సంఖ్యనూ చాలా దూరం వెనక్కి జరపాల్సి వచ్చి శ్రీధర్‌ది చాలాసేపు సాగింది.

"వరుసగున్నది డేటా కాదా సార్? రేపు మద్రాసుల గట్లనే ఇస్తే?" అన్నాడు శ్రీధర్. నోటీసులోని షరతు ప్రకారం అవకాశం కొమురయ్యదేనని చెప్పాను. శ్రీధర్ ఒప్పుకుని వెళ్లాడు గాని, ప్రశ్న న్యాయమైనదే.

కొమురయ్య కదల్లేదు. "అన్న అడిగింది కరెక్టే సార్. మొదటిది ఇడిసివెట్టి, నడిమి సంఖ్యను పట్టుకుంటే?"

"మంచిదే. కానీ దాన్నీ పడగొట్టే వరుస ఒకటి ఉంటుంది."

"ఎట్లుంటది సార్ అది?"

సాయంత్రం దాకా ప్రింటవుట్ల వెనక గీసి చూశాము, దొరకలేదు. ఉద్యోగంలో చేరాక అంత మాట్లాడిన రోజు మరొకటి లేదు.

వేగం ప్రోగ్రామ్ ఒక్కదాని గుణం కాదనీ, దాని ముందుకు డేటా ఏ క్రమంలో వస్తుందో తెలియకుండా రెండిటిని పోల్చరాదనీ ఆ రోజు నేర్చుకున్నాను. తన ఆఖరి సంవత్సరం కూడా అయ్యాక కొమురయ్య చదువు ముగించి వెళ్లిపోయాడు. అతడడిగిన వరుస ఎలా ఉంటుందో ఆ తర్వాత ఒక మధ్యాహ్నం నాకు దొరికింది. చెప్పబోయి తలెత్తాను. గదిలో ఎవరూ లేరు.