మోడాన్ని పొమ్మనని నాయన

ఈ పొద్దు కరెంటు పోయి, మా పాత ఫ్రిజ్జు పైఅరలో పేరుకున్న మంచంతా కరిగి వంటింటి బండల మీదికి కారింది. కింద గిన్నె పెట్టి, అట్లకాడతో మిగిలిన మంచు గీకుతాంటే ఒళ్లు మండిపాయ. మంచు కోసమని స్విట్జర్లాండు దాకా పోయినదాన్నప్పా నేను! ఆడ నాకు దక్కింది ఇంతకంటే పెద్దగా ఏమీ లేదు.

చిన్నప్పటి నుంచీ నాదొకటే పిచ్చి. కాళ్లకు స్కీ చెక్కలు కట్టుకోని, మంచు కొండ మీద నుంచి ఒక్కసారన్నా సర్రున జారల్ల. అనంతపురం ఎండల్లో నెత్తిన తడిగుడ్డ ఏసుకోని బడికి పోయే పిల్లకు ఆ పిచ్చి యాడ నుంచి పట్టిందో నాకే తెలీదు. గోడ మీది క్యాలెండరు బొమ్మ చూసే అనుకుంటా. యాభై దాటినాక, మోకాళ్లు ఇంకా మాట వింటాండగానే పోవల్లని టూరులో పేరు కట్టించుకుంటి. మా ఆయనేమో చివర్లో "ఆ సలికి నేను రాలేను తల్లీ" అని చేతులెత్తేసినాడు. ఆ సీటులోకి మా నాయన వచ్చె. గార్లదిన్నె దిక్కు మెట్టచేన్లో జీవితమంతా శనక్కాయ పండించిన మనిషి. పంచె మీద కోటు, కోటు మీద తువ్వాలు.

ఆడ మంచు కొండ కింది ఊరు చేరిన పొద్దే మోడం దిగె. మబ్బును మా దిక్కు మోడమంటాం. అది ఆకాశంలో యాడో ఉండేది పోయి, హోటలు కిటికీకి ఆనుకోని నిలబడె. ఎదురుగా పెద్ద కొండ ఉండాదంట, మేము నమ్మల్ల! మోడం తీస్తే గానీ పైకి తీస్కపోయే రోప్‌వే నడపరంట. పొద్దున్నే అద్దె బూట్లు తొడుక్కోని కూర్చునేది, సాయంత్రం ఇప్పేది. అవేమన్నా బూట్లా, ఒక్కోటి గుండ్రాయంత బరువు. నేనిట్ల ఉడికిపోతాంటే నాయన మాత్రం కిటికీ కాడ కుర్చీ ఏసుకోని, కొత్త అల్లున్ని చూసినట్ల మోడాన్ని చూస్తా, "ఏం పట్టిందిమ్మే మోడం! మన ఊర్లో ఇట్ల పట్టి ఎన్నేండ్లాయనో" అంటాండె.

తిరుగు బస్సెక్కే పొద్దు టూరు నడిపే ఆయన వచ్చి, గంటలో మోడం తీస్తే పైకి పోవచ్చు, లేకుంటే ఇంక లేదు అని చెప్పె. మాతో వచ్చినోళ్లంతా తలా ఒక దేవున్ని పట్టుకున్యారు. "నాయనా, నువ్వూ మొక్కుకో, ఈ మోడం పోవల్లని" అంటి. నాయన మొగం పక్కకు తిప్పుకున్యాడు.

"ఆ మాట నా నోట రాదమ్మా."

ఎందుకో నాకు తెలుసు. మా ఊర్లో ఎవురూ మోడాన్ని పొమ్మనరు. పీకిన శనక్కాయ చేన్లో వామేసి ఉన్నా సరే, ఉరుక్కుంటా పోయి దాని మీద పట్టలు కప్పుకుంటారే గానీ పొమ్మనరు. ఒకసారి పొమ్మంటే మళ్లా పిలిచినా రాదంట. తెలిసినా కోపం ఆగలే.

"ఇది మన మోడమా నాయనా? ఈడ కుండపోతగా కురిసినా మన చేన్లో చుక్క పడదే!"

"యాడిదైతే ఏమే? మోడం మోడమే. దాన్ని పిలిచీ పిలిచీ ముసలోన్నైతి. ఇప్పుడు ఏ మొగం పెట్టుకోని పొమ్మనల్ల?"

గంటా అయిపాయ. మోడం తీయలే, పైగా మంచు కురవబట్టె. ఒక్క మరక గూడా అంటని ఆ బూట్లు ఇప్పి అంగడిలో ఇచ్చేసి వస్తాంటే ఏడుపొచ్చినంత పనాయ. అందరూ బస్సులోకి ఉరుకుతాంటే నాయన ఒక్కడే తువ్వాలు తీసేసి, బోడినెత్తితో మంచు కింద నిలబడినాడు. "రామ్మే, కురుస్తాండేటప్పుడు లోపల కూర్చుంటారా ఎవురన్నా!" అని అరిచె. తిట్టుకుంటానే పోయి పక్కన నిలబడితి. యాడ జారి పడతానో అని నా రెట్ట గట్టిగా పట్టుకున్యాడు. జారేదానికే గదా నాయనా ఇంత దూరం వచ్చింది అనల్లనిపించె.

ఆ కొండను నేను ఈ దినానికీ చూడలే. ఆ కసి ఇంకా పోలే, పోదు కూడా. నాయన పోయినాక చేను నేనే చూసుకుంటాండా. మోడం వస్తాది, నెత్తి మీద నిలబడతాది, చుక్క రాల్చకుండా పోతాది. పోయేదాకా నోరు మూసుకోని చూస్తా నిలబడతా. నాయననైనా పొమ్మని ఎవురంటిమి? అందరమూ ఉండమనే అంటిమి. కాలం ఎవురి మాట వినింది గనక.